రోడ్ హోల్: చిన్న దెబ్బల దగ్గరే పెద్ద చిక్కు

మన హాస్టల్ మైదానంలో మనం ఆడేది కబడ్డీ, వాలీబాల్. గోల్ఫ్ డబ్బున్నవాళ్ల ఆట అనీ, బంతిని ఎంత దూరం కొడితే అంత గొప్ప అనీ అనుకుంటుంటాం. మొదటి మాట చాలావరకు నిజమే. రెండోది మాత్రం కాదు. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఉన్న 17వ హోల్ చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. దాన్నే రోడ్ హోల్ అంటారు.

2010 ఓపెన్ పోటీకి దీని పొడవును 495 గజాలకు పెంచారు. నాలుగు దెబ్బల్లో ముగించాలని లెక్క. అసలు చిక్కు గ్రీన్ దగ్గర, అంటే జెండా ఉండే నున్నని పచ్చిక దగ్గర మొదలవుతుంది. దాని ముందు లోతైన ఇసుక బంకర్, వెనక తారురోడ్డు, ఆ వెనక రాతి గోడ. రోడ్డుమీద పడిన బంతిని అక్కడినుంచే కొట్టాలి.

బంకర్ గోడను పచ్చిక గడ్డలు పేర్చి నిటారుగా కట్టారు. పైగా చుట్టూ నేల దానివైపే వాలి ఉంటుంది. 1978 ఓపెన్ మూడో రోజు జపాన్ ఆటగాడు టామీ నకజిమా రెండు దెబ్బల్లోనే గ్రీన్ చేరాడు. మూడో దెబ్బ మెల్లగా దొర్లించేదే. ఆ బంతి వాలులో జారి బంకర్‌లో పడింది. బయటికి రావడానికి నాలుగు దెబ్బలు పట్టాయి. మొత్తం తొమ్మిది! 2000లో చివరి రోజు టైగర్ వుడ్స్‌తో కలిసి ఆడిన డేవిడ్ డువాల్ కూడా అదే బంకర్‌లో నాలుగు దెబ్బలు పోగొట్టుకున్నాడు.

ఇసుకలో బంతిని నేరుగా కొట్టరు. కర్ర ముఖాన్ని ఆకాశంవైపు తెరిచి, బంతికి కాస్త వెనక ఇసుకను కొడతారు. ఎగిరే ఇసుకే బంతిని పైకి లేపుతుంది. గోడకు ఆనుకుంటే మాత్రం ఆ ఉపాయం పనిచేయదు. జెండాను మరిచి పక్కకో, వెనక్కో కొట్టాలి. గెలుపు కళ్లముందు ఉన్నప్పుడు వెనక్కి కొట్టడానికి మనసొప్పుతుందా? మా గదిలో దీనిమీద రాత్రి పొద్దుపోయేదాకా వాదన జరిగింది. ఒప్పదనే ఎక్కువమంది అన్నారు.

1995లో ఇటలీ ఆటగాడు కోస్టాంటినో రోకా బంతి రోడ్డుమీద పడింది. అతను బంతిని గాల్లోకి లేపలేదు. నేలమీద దొర్లించే పటర్ కర్ర తీసుకుని, గట్టు మీదుగా గ్రీన్‌పైకి ఎక్కించి, లెక్క ప్రకారం నాలుగు దెబ్బల్లోనే ముగించాడు. మాకు అన్నిటికంటే నచ్చిన దెబ్బ ఇదే. ఆ సాయంత్రమే జాన్ డేలీతో ప్లేఆఫ్ జరిగింది. మళ్లీ ఇదే హోల్ వచ్చింది. ఈసారి రోకా బంతి బంకర్‌లో పడింది. బయటికి రావడానికి మూడు దెబ్బలు పట్టాయి. కప్పు డేలీకి దక్కింది.