ట్రంకు పెట్టె సర్దే ముందు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాది కోసిగి దగ్గర పల్లె. దీపావళి దాటితే నేనూ మా ఆయనా సుగ్గికి గుంటూరు వైపు పోతాం. పత్తి తీసి, మిరపకాయలు కోసి మళ్లీ ఉగాదికి వస్తాం. పిల్లోడు మా ఊరి బళ్లో నాలుగో తరగతి. బనవాసి నవోదయ హాస్టలు బళ్లో ఆరో తరగతి సీటు రావాలంటే వచ్చే ఏడు ఆదోనిలో ప్రైవేటు బళ్లో వేసి కోచింగు ఇప్పించమంటున్నారు. అప్పు చేయమంటారా?

జవాబు: వద్దమ్మా. అప్పూ వద్దు, ఆదోని బడీ వద్దు. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి. ఆ లెక్కలోకి రావాలంటే 3, 4, 5 తరగతులు మూడూ పల్లెలోని గుర్తింపున్న బళ్లోనే చదవాలి. ఐదో తరగతికి పట్టణంలో చేర్పిస్తే, పల్లె బిడ్డగా వాడికున్న వాటా పోతుంది. పస్తులుండి పట్నం బళ్లో వేసి, చేతులారా సీటు దూరం చేసుకున్న తల్లిదండ్రులను తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పరీక్ష తెలుగులోనే రాయొచ్చు. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు బొమ్మలకే. నాలుగు బొమ్మల్లో వేరుగా ఉన్నదేదో, సగం గీసినదానికి మిగతా సగం ఏదో గుర్తుపట్టాలి. చదువు రాని తల్లి కూడా దీపం ముందు కూర్చుని బిడ్డతో ఈ సాధన చేయించగలదు. మిగతా సగం లెక్కలు, భాష. దరఖాస్తుకు పైసా కట్టక్కర్లేదు. కానీ రాసే అవకాశం ఒక్కసారే. ఐదో తరగతి మొదలవగానే హెడ్మాస్టరును కలిసి పెట్టండి.

ఇంకో మాట. పరీక్ష చలికాలంలో పడుతుంది, అప్పటికి మీరు మిరప చేలల్లో ఉంటారు. ఆ ఒక్క ఏడూ పిల్లవాణ్ణి వెంట తీసుకుపోకండి. అవ్వ దగ్గర ఉంచండి. లేదంటే వలస పోయేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టలు మీ దగ్గర ఉందేమో బళ్లో అడగండి. నవోదయలో జిల్లా అంతటికీ ఉన్నవి 80 సీట్లే కాబట్టి గురుకులాల ప్రవేశ పరీక్షలు కూడా రాయించండి.

ప్రశ్న: ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాను. మా వాడు హాస్టలు బళ్లో ఆరో తరగతిలో చేరి రెండు నెలలైంది. ఫోను చేస్తే ఏడుపే. ‘నాయనా, వచ్చి తోలుకపో’ అంటాడు. వాళ్లమ్మ అన్నం తినడం లేదు. తెచ్చేయమంటారా?

జవాబు: అన్నా, వెంటనే తేవద్దు, ‘అదే అలవాటవుతుందిలే’ అని ఊరుకోనూ వద్దు. నేను ఏడేళ్లు హాస్టల్లో పెరిగాను. మా నాన్న నెలకోసారి వచ్చి ‘బాగున్నావా’ అనేవాడు. ‘బాగున్నా’ అనేవాణ్ణి. అందులో ఒక ఏడాది పెద్ద తరగతి కుర్రాడొకడు నా చేత రోజూ బట్టలు ఉతికించేవాడు. ‘ఎవరి పక్కన కూర్చుని తిన్నావు? రాత్రి నీ పక్క మంచం ఎవరిది?’ అని నాన్న అడిగి ఉంటే ఆ సంగతి బయటపడేది. మీరు అలా అడగండి.

పదకొండేళ్లవాడికి ఇంటి బెంగ సహజం. జొన్నరొట్టె, పుంటికూర తిని పెరిగిన నోటికి మెస్సు అన్నం సహించదు. తెల్లారకముందే పీటీ, రాత్రి చదువు గంట, నూరుమంది మధ్య ఒక్కడే ఉన్నట్టుంటుంది. ఈ బెంగ సాయంత్రం, ఫోను చేసినప్పుడు పొంగుతుంది. మైదానంలో ఆడేటప్పుడు మరిచిపోతాడు. అలా మరిచిపోతుంటే భయం లేదు. దసరా సెలవుల దాకా ఓపిక పట్టండి.

అయితే నిద్రపోవడం మానేసినా, పక్క తడుపుతున్నా, ఒంటి మీద దెబ్బలున్నా, ఫలానా మనిషి పేరెత్తితే మాట ఆగిపోతున్నా అది బెంగ కాదు. మగ్గం ఆపి ఆ రోజే వెళ్లండి. హౌస్ మాస్టరును, తర్వాత ప్రిన్సిపాలును కలిసి చెప్పి, రాసి కూడా ఇవ్వండి. అక్కడ వినకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. మాట తీసుకుని బిడ్డను మళ్లీ అక్కడే వదిలి రావద్దు. చదువు ఇంకెక్కడైనా దొరుకుతుంది.

ప్రశ్న: హాస్టలు బడి చూడ్డానికి వెళ్తే ఏం చూడాలి?

జవాబు: కంప్యూటర్ గది వాళ్లే చూపిస్తారు. మీరు మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉందా, కొళాయిలో నీళ్లు వస్తున్నాయా చూడండి. మన పడమటి మండలాల్లో ఎండాకాలం నీళ్లెక్కడివని తప్పక అడగండి. రాత్రి పిల్లల దగ్గర పడుకునే పెద్దవాళ్లెవరు? జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి, ఏ బండిలో తీసుకుపోతారు? వీలైతే భోజనం వేళకు వెళ్లి పిల్లల పంక్తిలోనే తినండి.

ప్రశ్న: సార్, నేను పెద్దకడుబూరు మండలం అమ్మాయిని, పదో తరగతి. నాన్న సంబంధాలు చూస్తున్నాడు. ‘దినామూ బస్సులో ఆదోనికి పంపను’ అంటాడు. నాకు చదవాలని ఉంది.

జవాబు: తల్లీ, మీ నాన్న చెప్పిన అడ్డు బస్సు. బనవాసిలోని బాలికల రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో చేరితే ఆ బస్సు అవసరమే లేదు. ప్రవేశ పరీక్ష 150 మార్కులకు, రెండున్నర గంటలు, నువ్వు చదువుతున్న పదో తరగతి పాఠాల మీదే. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో టీచరమ్మను కనిపెట్టుకుని ఉండమను. ఇంటర్ ఉన్న కస్తూర్బా విద్యాలయాలకు కూడా దరఖాస్తు పెట్టు.

ఆదోని దగ్గరి పెద్దహరివాణం అమ్మాయి సంగతి మీ నాన్నకు చెప్పు. పదిలో 537 మార్కులు వచ్చినా ఇంట్లో పెళ్లికి సిద్ధమయ్యారు. ఆమె నోరు విప్పి చెప్పింది. అధికారులు వచ్చి పెళ్లి ఆపించి ఆస్పరి కస్తూర్బాలో చేర్చారు. 2024లో ఇంటర్ మొదటి సంవత్సరంలో 440కి 421 తెచ్చుకుంది. మనలాంటి ఇంటి పిల్లే.

18 నిండకుండా పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. ముందు మీ అమ్మతో, ఇంట్లో నీ మాట వినే పెద్దవాళ్లతో మాట్లాడు. వాళ్ల వల్ల కాకపోతే టీచరమ్మకు, పోలీసులకు చెప్పు. 1098కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోను చేయొచ్చు, డబ్బు పడదు. ముహూర్తం పెట్టేదాకా ఆగకు, ఈ వారంలోనే చెప్పు.