అలలు విరగని చోటు

కార్తీక పున్నమికి మనలో చాలామంది సముద్ర స్నానానికి వెళ్తాం. సూర్యలంక, వాడరేవు, మంగినపూడి, భీమిలి... ఎక్కడ చూసినా జనమే. పెద్ద అలను చూస్తే మనకు భయం. అల లేని చోటు వెతుక్కుంటాం. "ఇక్కడ నెమ్మదిగా ఉంది, రండే!" అని పిల్లల్ని పిలుస్తాం.

అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఎందుకో చూద్దాం. అలలు నీళ్లను ఒడ్డుకు తోస్తూనే ఉంటాయి. వచ్చిన నీరు ఒడ్డునే ఉండిపోదు కదా! తిరిగి లోపలికి పోవాలి. నీటి అడుగున ఇసుక మేటలు ఉంటాయి. వాటి మధ్య సందు దొరికితే నీరంతా అటే దూసుకుపోతుంది. పొలం గట్టుకు గండి పడితే చేలో నీళ్లు ఎలా పరుగెడతాయి? ఇదీ అంతే. ఆ సందులో లోతు ఎక్కువ. అందుకే అక్కడ అలలు విరగవు. పైకి నెమ్మది, లోపల లాగుడు. దీన్నే రిప్ కరెంటు అంటారు. విశాఖపట్నం రామకృష్ణా బీచిలో ఇవి ఏర్పడుతుంటాయి. జోరు మీద ఉంటే సెకనుకు 2 మీటర్ల దాకా లాగుతుంది. దానికి ఎదురీదటం గజ ఈతగాళ్ల వల్ల కూడా కాదు.

నీళ్లలో దిగే ముందు కాసేపు ఒడ్డున నిలబడి చూడండి. రెండు పక్కలా తెల్లగా నురగ, మధ్యలో నల్లని దారి కనిపిస్తుందా? నురగ, బురద నీరు లోపలికి పోతున్నాయా? అక్కడ దిగవద్దు. ఇసుక కదిలితే ఈ దారి కూడా మారుతుంది. పోయినేడు మంచిదైన చోటు ఈ ఏడు మంచిది కాకపోవచ్చు.

"సముద్రం అడుక్కి లాగేసింది" అంటారు. నిజానికి ఈ నీరు అడుక్కి లాగదు, దూరంగా లాగుతుంది. మనిషి బెదిరిపోయి ఒడ్డు వైపే ఈదుతాడు. అలసిపోయి మునుగుతాడు. చిక్కుకుంటే ఎదురీదకూడదు. తేలుతూ చేయి ఎత్తి కేక వేయాలి. ఈత వస్తే ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. అలలు విరిగే చోటికి చేరితే వాటితోపాటే ఒడ్డుకు రావచ్చు.

మనలో ఎక్కువమందికి ఈత రాదు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది. కాబట్టి మోకాలి లోతు దాటవద్దు. పిల్లల చేయి వదలవద్దు.

బిడ్డ కొట్టుకుపోతుంటే తల్లి ఆగుతుందా? ఆగడం కష్టమే. కానీ ఈత రాని తల్లి దూకితే ప్రమాదంలో పడేది ఇద్దరు. గట్టిగా అరిచి గజ ఈతగాళ్లను, జాలరులను పిలవండి. మూత బిగించిన ఖాళీ క్యానుకు తాడు కట్టి విసరండి. పట్టుకుని తేలడానికి అదే ఆధారం. వేరొకరి చేత 112కు ఫోను చేయించండి. మీరు మాత్రం బిడ్డ మీద నుంచి చూపు తిప్పకండి. ఎక్కడ ఉన్నాడో ఈతగాళ్లకు చేయి చాపి చూపించాల్సింది మీరే.