పిల్లల చదువు సొమ్ము – మార్కెట్టు ఒడుదొడుకులు

మన ఇండ్లలో వడ్డీని నెలకు నూటికి ఇంత యని చెప్పుట వాడుక. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ యన్నచో వివరము అక్కరలేదు. బ్యాంకులు, తపాలా కార్యాలయములు మాత్రము ఏటికి నూటికి ఇంత యని చెప్పును. నూటికి రెండు రూపాయలనగా ఏటికి ఇరువదినాలుగు. బ్యాంకు ఏటికి ఆరున్నర యిచ్చుచున్నచో, మన లెక్కలో అది అర్ధరూపాయి కంటె కొంచెము హెచ్చు. బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలను మేము పిల్లలకు తరగతిలో చెప్పుచునే యున్నాము. ఆ లెక్కలనే తల్లిదండ్రుల కొరకు ఈ వార్షిక సంచికలో మరియొకమారు చెప్పదలచితిమి.

షేరు మార్కెట్టు పడినదని వార్త వచ్చినపుడెల్ల, తోటపనివారు, కర్మాగారములలో పనిచేయువారు, చిల్లర దుకాణముల వారు మా గదికి వచ్చి రెండు ప్రశ్నలు వేయుదురు. “అయ్యవారూ, నెలనెల కట్టుచున్న మ్యూచువల్ ఫండు నిలిపివేయవలెనా?” అనునది మొదటిది. “బ్యాంకులోని డబ్బు తీసి మూడు రూపాయల వడ్డీ యిచ్చువారి యొద్ద ఉంచవచ్చునా?” అనునది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానము కొంచెము పొడుగు. రెండవదానికి పొట్టి; కాని ప్రమాదము దానియందే హెచ్చు.

ముందు మొదటిది. 2008 జనవరిలో సెన్సెక్సు సూచిక 20,800 దాటినది. 2009 మార్చి నాటికి 8,200 లోపునకు దిగినది. పోయిన ఎత్తునకు మరల చేరునప్పటికి 2010 నవంబరు వచ్చినది. 2020 మార్చి 23వ తేదీన ఒక్క దినముననే నూటికి పదమూడు వంతులు పడి, సుమారు 26,000 వద్ద నిలిచినది. అయినను ఆ యేడు నవంబరులోనే జనవరి నాటి ఎత్తును దాటినది. మొదటి పతనమునుండి కోలుకొనుటకు మూడేండ్లకు కొంచెము తక్కువ పట్టగా, రెండవసారి కొన్ని నెలలే పట్టినవి. ఇక జపాను దేశపు నిక్కీ సూచిక 1989 చివర చేరిన ఎత్తును మరల దాటునప్పటికి 2024 ఫిబ్రవరి యైనది. అనగా ముప్పదినాలుగేండ్లు! పడిన మార్కెట్టు లేచునని చెప్పువారు ఎప్పుడు లేచునో చెప్పజాలరు. కళాశాలవారు మాత్రము రుసుము ఎప్పుడు కట్టవలయునో తేదీతో సహా చెప్పుదురు.

కావున సొమ్మును రెండుగా విభజింపుడని మా సలహా. తేదీ గల సొమ్ము ఒకటి, తేదీ లేని సొమ్ము మరొకటి. పన్నెండవ తరగతి చదువుచున్న బాలుని కళాశాల రుసుము తేదీ గల సొమ్ము. మూడు నాలుగేండ్ల లోపల కావలసినది ఎంత చిన్న మొత్తమైనను షేరు మార్కెట్టులో నుండరాదు. ఒకటవ తరగతి పిల్లవాని తండ్రికి పదునొకండు పన్నెండేండ్ల వ్యవధి యున్నది. అతడు కొంత భాగము అందుంచి, పడినప్పుడు ఓర్చుకొనగలడు. ఆ పిల్లవాడు తొమ్మిదవ తరగతికి వచ్చినప్పటినుండి, మార్కెట్టు బాగున్నను లేకున్నను, ఆ సొమ్మును కొంచెము కొంచెముగా తీసి బ్యాంకునకు మార్చుకొనవలయును. బాగున్నప్పుడు తీయుటకు మనసొప్పదు. కష్టమంతయు అక్కడనే యున్నది.

పతనమునకు ఒక లెక్క కలదు. నూరు రూపాయలు ఏబదియైనచో నష్టము నూటికి ఏబది. ఆ ఏబది మరల నూరగుటకు లాభము నూటికి నూరు రావలయును. దీనిని తెలియనివారు “సగము పోయినది, సగము పెరిగిన సరిపోవును” అనుకొందురు. నెలనెల కట్టువారి లెక్క వేరు. ఒకడు నెలకు వేయి రూపాయల చొప్పున అయిదు నెలలు కట్టెననుకొందము. యూనిటు ధర క్రమముగా 50, 40, 25, 40, 50 రూపాయలు. అతనికి లభించిన యూనిట్లు 20, 25, 40, 25, 20, మొత్తము 130. కట్టినది 5,000 రూపాయలు. చివర ధర చొప్పున విలువ 6,500. ధర ఎచ్చట మొదలైనదో అచ్చటికే వచ్చినను లాభము వచ్చినది. ధర 25 వద్ద భయపడి నిలిపినవాడు నలుబది యూనిట్లను వదలుకొన్నవాడగును. ధర తిరిగి లేచిననే యీ లెక్క పనికివచ్చునని మరువరాదు. అనేక సంస్థల వాటాలు కలిసియున్న ఫండునకు ఆ యాశ కొంత కలదు. ఒకే సంస్థ వాటాలకు హామీ యేమియు లేదు.

హైదరాబాదు కేంద్రముగా నుండిన సత్యం కంప్యూటర్స్ కథ తెలుగువారికి కొత్త గాదు. 2009 జనవరి 7వ తేదీన ఆ సంస్థ అధ్యక్షుడు లెక్కలు తప్పుగా చూపితిమని లేఖ వ్రాయగా, సుమారు 179 రూపాయలున్న వాటా ఆ సాయంకాలమునకే 40 రూపాయలైనది. మనవారి సంస్థ యను అభిమానము వాటా ధరను నిలుపజాలలేదు. ఇక ఫోనులలో వచ్చు చిట్కాలను నమ్మి ఫ్యూచర్సు, ఆప్షన్సు అను పందెములాడు యువకులు మన వీథులలోను గలరు. సెబీ సంస్థ 2024లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, మూడేండ్లలో అట్లు ఆడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. దీనిని గూర్చి ఇంతకంటె వ్రాయ నవసరము లేదు.

ఇప్పుడు రెండవ ప్రశ్న. మూడు రూపాయల వడ్డీ యనగా ఏటికి ముప్పదియారు. మనకు ముప్పదియారు ఇచ్చువాడు అంతకంటె హెచ్చు సంపాదింపవలయును. ఏ వ్యాపారములో సంపాదించునో అడుగుడు. అతడు చెప్పడు, చెప్పినను అది కుదరదు. క్రొత్తగా చేరువారి అసలు తీసి పాతవారికి వడ్డీగా ఇచ్చినంతకాలము అది నడచును.

పరభాషా ప్రాంతమున నివసించు మనకు ఇందొక విశేష ప్రమాదము గలదు. తెలుగు మాటాడువాడు, పండుగకు చందా యిచ్చువాడు, పెండ్లికి ముందుగా వచ్చువాడు అడిగినచో రసీదు అడుగుటకు మనము సిగ్గుపడుదుము. కొన్నేండ్ల క్రిందట ఒక తల్లి అరయెకరము అమ్మిన సొమ్మును అట్టివాని యొద్ద ఉంచినది. కుమార్తె నర్సు చదువునకని. అతడొక రాత్రి ఊరు విడిచిపోయెను. ఆమె మాకు చూపిన కాగితముపై ఒక సంతకము తప్ప సంస్థ పేరు లేదు, రిజిస్టరు సంఖ్య లేదు. ఆ బాలిక రెండేండ్లు కుట్టుపనికి పోయి, పిమ్మట చదువులో చేరినది.

చీటీలన్నియు చెడ్డవని మేమనము. ఇరువదిమంది అయిదువేల చొప్పున వేసినచో లక్ష యగును. అక్కరగలవాడు ఇరువదివేలు తగ్గించి పాడి ఎనుబదివేలు తీసికొనును. నడపువాని కమీషను అయిదువేలు పోగా, మిగిలిన పదునైదువేలు ఇరువదిమందికి 750 చొప్పున వచ్చును. ఇది మంచి యేర్పాటే. పాడుకొన్నవాడు కట్టకున్నను, నడపువాడు పారిపోయినను కూలును. 1982 నాటి చిట్ ఫండ్ల చట్టము ప్రకారము చీటీ నడపువాడు ప్రభుత్వ అనుమతి పొంది, రిజిస్ట్రారునకు హామీ చూపవలయును. అనుమతి పత్రము చూపుమనుట అవమానము గాదు. సక్రమముగా నడపువాడు తానే చూపును.

తేదీ గల సొమ్మునకు తపాలా రికరింగు డిపాజిట్టు, బ్యాంకు డిపాజిట్టు చాలును. 1960లో పాలై సెంట్రల్ బ్యాంకు, లక్ష్మీ బ్యాంకు కూలిన పిమ్మట 1962లో డిపాజిట్ల బీమా వచ్చినది. అప్పుడు బీమా 1,500 రూపాయలకే. 2020 ఫిబ్రవరి నుండి అసలు, వడ్డీ కలిపి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అయిదు లక్షలు. సహకార బ్యాంకులకును ఇది కలదు గాని, ప్రాథమిక సహకార సంఘములకు లేదు. పదేండ్ల లోపు ఆడపిల్ల యున్నవారు సుకన్య సమృద్ధి ఖాతా తెరువవచ్చును. పదవ తరగతి గట్టెక్కిన పిమ్మట చదువునకై అందు సగము వరకు తీసికొన వీలున్నది. బంగారము నమ్మకమైనదే యందురు. అదియు 2012లో పది గ్రాములు 31,000 దాటి, 2015 చివరకు 26,000 లోపునకు దిగినది. తరుగు, మజూరి నష్టము వేరు.

వీటన్నిటికంటె ముందు చేయవలసినది ఒకటి. ఇంట రెండు రూపాయల వడ్డీ అప్పున్నవాడు ఏ ఫండులోను కట్టనక్కరలేదు. ఆ అప్పు తీర్చుటయే ఏటికి ఇరువదినాలుగు లాభము. మార్కెట్టు ఏ సంవత్సరమును అట్టి హామీ ఇయ్యదు.

బ్యాంకు కాగితములు తమిళమునను ఆంగ్లమునను వచ్చును. మన తల్లులు పెక్కుమంది తెలుగు మాత్రమే చదువుదురు. ఇంటియజమాని పోయిన పిమ్మట ఏ ఖాతా ఎచ్చటనున్నదో తెలియక మా యొద్దకు కాగితముల మూట తెచ్చినవారు కలరు. ఒక నోటు పుస్తకమున ఖాతాల పేర్లు, సంఖ్యలు, కాలము తీరు తేదీ, నామినీ పేరు తెలుగులో వ్రాయుడు. ఎనిమిదవ తరగతి పిల్లవానిచేత కాగితము చదివించి, మీరు వ్రాసికొనుడు. అర్థము కాని మాట యున్నచో శనివారము మధ్యాహ్నము పాఠశాలకు తెండు.