జీతం ఇల్లు, పంట ఇల్లు

తెనాలి,
మృగశిర కార్తె మూడో రోజు.

చిరంజీవి చిన్నాకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఆవకాయ జాడీతో పాటు విత్తనాల పొట్లాలు, ఒక నోటుబుక్కు, తడిగుడ్డలో చుట్టిన రెండు దొండ కొమ్మలు పంపుతున్నాను. కొమ్మల సంగతి చివర్లో చెబుతాను. ముందు నువ్వు మొన్న ఫోనులో అన్న మాట సంగతి తేల్చుకుందాం.

“కంపెనీకి దండం పెట్టేశాను పెద్దమ్మా. ఇంట్లో కూర్చుని స్టూడియోల వాళ్లకి పెళ్లి వీడియోలు ఎడిట్ చేసిస్తున్నా. మేడ మీద తోట వేస్తున్నా. ఇక మాకు ఖర్చేముంది?” అన్నావు. మీ అమ్మ ఆ రాత్రంతా నిద్రపోలేదట. నేను హాయిగానే పడుకున్నాను. ముప్ఫై ఏళ్లు నేనూ నెల జీతం మొహం చూడకుండా బతికినదాన్నే కదా. విజయవాడ ప్రచురణకర్తలకి ప్రూఫులు దిద్దాను, ఫారానికి ఇంతని. పదహారు పేజీలైతే ఒక ఫారం. ఆ డబ్బుతోనే ఇల్లు గడిచింది, ఈ డాబా కూడా లేచింది. కాబట్టి నువ్వు చేసిన పని తప్పని అనను. “ఖర్చేముంది” అన్నావు చూడు, తప్పు అక్కడుంది.

ఒరే చిన్నా, ఇళ్లు రెండు రకాలు. జీతం ఇల్లు ఒకటి, పంట ఇల్లు ఒకటి. జీతం ఇల్లు ఒకటో తారీకుని నమ్ముకుంటుంది. పంట ఇంటికి ఒకటో తారీకుతో పనిలేదు, అది ఏడాది మొత్తాన్ని ఒకేసారి లెక్క వేసుకుంటుంది. నువ్వు జీతం ఇంట్లోంచి బయటికొచ్చావు గానీ లెక్కలు మాత్రం ఇంకా జీతం ఇంటివే వేస్తున్నావు. ఏప్రిల్, మే నెలల్లో చేతినిండా డబ్బు ఆడిందని కొత్త ఫోను కొన్నావట. ఆషాఢం ముంగిట్లో ఉంది, ఆ నెలంతా ముహూర్తాల్లేవు. పెళ్లి లేకపోతే వీడియో ఎక్కడిది?

మీ తాతయ్య కళ్లం గుర్తుందా? నువ్వప్పటికి పసివాడివి. నూర్పిడయ్యి రాశి పోశాక ఆయన గింజ కూడా ఇంటికి చేర్చకుండా ముందు భాగాలు పెట్టేవాడు. శిస్తుకి కొంత. విత్తనాలకి కొంత. చాకలికి, మంగలికి, కమ్మరికి మేర కొలిచి ఇచ్చేవాడు. ఆ తర్వాతే మా తిండిగింజలు గాదెలోకి వెళ్లేవి. మిగిలితే అమ్మకం. రాశి పెద్దదైన ఏడు మురిసిపోయేవాడు కాదు, చిన్నదైన ఏడు కుంగేవాడూ కాదు. భాగాల వరస మాత్రం ఏనాడూ మార్చలేదు.

నీ బ్యాంకులో పడే ప్రతి పైకమూ ఒక రాశే అనుకో. ముందు శిస్తు తీసెయ్. కొందరు స్టూడియోల వాళ్లు పది శాతం టీడీఎస్ కోసుకుని ఇస్తారు. కోసింది నీ పాన్ కింద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్లో చూసుకో. కోసింది పోగా ఏడాదికి పది వేలకి తక్కువ కాకుండా పన్ను పడేటట్టుంటే ముందస్తు పన్ను కట్టాలి. వాయిదాలు జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15. మొదటిది ఈ వారంలోనే ఉంది, ఆడిటరుని అడుగు. ఆ డబ్బుకి వేరే ఖాతా తెరువు. కళ్ల ముందుంటే ఖర్చయిపోతుంది, నా అనుభవం.

తర్వాత విత్తనాలు. ఎంత కరువొచ్చినా అటక మీది విత్తనాల మూట దించి వండుకున్న రైతుకి మరుసటేడు పొలం బీడే. నీ విత్తనాలేవో నీకు తెలియాలి: కంప్యూటరు, నడుం నిలబెట్టే కుర్చీ, కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్, పెళ్లివాళ్ల ఫుటేజీకి రెండో కాపీ దాచుకునే హార్డ్ డిస్కు. వీటి దగ్గర పొదుపు పనికిరాదు. నేను ఒకసారి కళ్లజోడు మార్చుకోకుండా ఏడాది నెట్టుకొచ్చాను, డబ్బు దండగని. ఒక పుస్తకంలో వరసగా మూడు ఫారాల తప్పులు నా కంట పడలేదు. ఆ ప్రచురణకర్త మళ్లీ పని ఇవ్వలేదు. కళ్లద్దాల ఖర్చు మిగిలింది, తిండిపెట్టే చెయ్యి జారిపోయింది. ఇంకొకటి, ఉద్యోగంతో పాటే కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా పోయి ఉంటుంది. దాన్ని ఈ నెలలోనే సొంతంగా తీసుకో. అదీ విత్తనాల మూటలోదే.

మేరల సంగతి మర్చిపోకు. సీజనులో పని ఎక్కువై ఇంకో కుర్రాడిచేత పాటలకి కటింగు చేయించుకుంటావు కదా, వాడి డబ్బు వాడికి అదే వారం ఇచ్చెయ్. “పార్టీ ఇంకా ఇవ్వలేదు” అని స్టూడియోవాడు నీతో అన్న మాట నువ్వు వాడితో అనకు.

స్టూడియోవాళ్లు అనే ఆ మాటకి కూడా మందుంది. ఒకసారి నేను చేసిన ఓ పెద్ద అనువాదానికి డబ్బు పదకొండు నెలలు రాలేదు. మొహమాటంతో కాగితం రాయించుకోలేదు. నీకు ఆ అవస్థ వద్దు. కేంద్ర ప్రభుత్వం ఉద్యం పోర్టల్లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకో, పైసా ఖర్చు లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, అలా నమోదైనవాళ్ల దగ్గర పని చేయించుకుంటే 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి, దాటితే వడ్డీ కట్టాలి. దావాలకి వెళ్లమని కాదు. బిల్లు మీద ఉద్యం నంబరు, గడువు తేదీ రాసి ఇస్తే చాలామందికి డబ్బు అదే గుర్తొస్తుంది. సగం అడ్వాన్సు చేతిలో పడేదాకా ఫుటేజీ దించుకోకు.

ఇక గాదె. ఉగాదికి కొత్త పంచాంగం కొన్నప్పుడు అందరూ రాశిఫలాలు చూస్తారు. నువ్వు మూఢాలు, శూన్యమాసాలు చూడు. ముహూర్తాలు లేని రోజులన్నిటికీ ఎర్ర గీత గీసుకో. అవి నీ కరువు నెలలు. పెళ్లి అయిన నెలన్నరకో రెండు నెలలకో గానీ నీకు డబ్బు రాదు కాబట్టి ఆ గీతను ఇంకొంచెం ముందుకి జరుపుకో. నాకూ అంతే ఉండేది. జనవరి మొదట్లో విజయవాడ పుస్తకాల పండగ అంటే నవంబరు, డిసెంబరుల్లో కంటిమీద కునుకుండేది కాదు. సంక్రాంతి దాటాక పని పలచబడేది. అందుకని జనవరి డబ్బు జనవరిలో తినేదాన్ని కాదు. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు గాదెలో పడేదాకా నీ ఇంట్లోకి కొత్త వస్తువు రాకూడదు.

గాదె అంటే డబ్బొక్కటే కాదు. డబ్బు ఆడే నెలల్లోనే సరుకూ చవగ్గా దొరుకుతుంది, అదృష్టం. కొత్త కంది జనవరి, ఫిబ్రవరుల్లో వస్తుంది. మిరపకాయలు, చింతపండు, మన దుగ్గిరాల పసుపు మార్చికి అందుతాయి. బియ్యం కూడా అంతే. మన బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో ఇచ్చిన సాంబమసూరినే ఇవాళ్టికీ అందరూ తింటున్నారు. ఆ వడ్లు కోతలయ్యాక కొత్త బియ్యంగా కొని ఇంట్లో ఆరు నెలలు పాతబడనివ్వు. ఆగస్టులో పాత బియ్యం పేరుతో ఎక్కువ ధర పెట్టక్కర్లేదు. కందిపప్పుకి చేతులకి ఆముదం రాసుకుని అరచేతులతో బాగా పట్టించి, ఒకరోజు ఎండబెట్టి డబ్బాలో పొయ్యి. ప్రతి గింజా నిగనిగలాడాలి గానీ జిడ్డు చేతికి అంటకూడదు. అంటిందంటే ఆముదం ఎక్కువైనట్టు. చింతపండు గింజ, ఈనె తీసి, ఉప్పు కలిపి జాడీలో అదిమి పెట్టు. ఏడాది గడిచినా పురుగు రాదు.

ఇంత చదివి, ఈ పనులన్నీ కోడలి మీదకి తొయ్యకు. ఇది గట్టిగా చెబుతున్నా. మీ తాతయ్య రాశిలో అందరికీ మేర కొలిచాడు గానీ మీ అమ్మమ్మకి కొలవలేదు. ఒరుగులు ఎండబెట్టిందీ, వడియాలు పెట్టిందీ, పప్పు విసిరిందీ ఆవిడే. ఇంటి పొదుపు ఆయన పేరు మీద నడిచింది, నడుము మాత్రం ఆవిడది విరిగింది. ఇవాళ కోడలు బడిలో పాఠాలు చెప్పి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరుతోంది. ఈ ఏడు మీ అద్దె కడుతున్నది ఆమె జీతం. అది నీ పొదుపు ఖాతాలో రాసుకోకు. ఇంట్లో ఉండేది నువ్వు. పప్పుకి ఆముదం పట్టించాల్సింది నువ్వు.

ఇప్పుడు తోట. కథలు రాసే తుమ్మేటి రఘోత్తమ్ రెడ్డిగారు హైదరాబాదులో తన ఇంటి మీద తోట పెంచి ‘మిద్దె తోట’ అన్న మాటని ఊరూరా నాటారు. చూసి నేనూ మొదలుపెట్టాను. మొదటి ఏడు తొట్లకి, మట్టికి, స్టాండ్లకి కలిపి పదకొండు వేలయింది. ఆ ఏడు కాసిన టమాటాలు నాలుగు కిలోలు. లెక్క వేసి నేనే నవ్వుకున్నాను. బంగారం కొన్నా ఇంతకంటే లాభమే.

మీ హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకి మనిషికి 400 గ్రాముల కూరగాయలు తినమంటుంది. అంటే మీ ఇద్దరికీ నెలకి 24 కిలోలు. పది తొట్లలో అంత పండదు. కనుక ఏది పండించాలో తెలివిగా ఎంచుకో. ఉల్లి, బంగాళాదుంప, క్యాబేజీ రైతుబజారులో కొనుక్కో. అవి అక్కడ చవక. కట్ట కొని సగం వాడి సగం పారేసేవి మేడ మీద వెయ్యి: తోటకూర, బచ్చలి, గోంగూర, కొత్తిమీర, కరివేపాకు, పచ్చిమిర్చి. తోటకూర నెల తిరక్కుండా చేతికొస్తుంది. గోంగూర మొక్క పీకకు, కొసలు తుంచుకుంటూ పోతే మళ్లీ మళ్లీ చిగురిస్తుంది. రాత్రి పదకొండింటికి డెలివరీ యాప్‌లో కొత్తిమీర కట్ట కోసం వెతికి, వచ్చినవాడు వచ్చాడని చిప్సు, కూల్‌డ్రింకు కూడా తెప్పించుకునే అలవాటు ఒకటుంది చూడు, తోట మిగిల్చేది అక్కడ.

అద్దె ఇల్లు కాబట్టి ఇంటాయన్ని అడగకుండా తొట్టి ఎత్తకు. ఉత్త మట్టితో నింపిన అడుగు పొడవు, వెడల్పు, లోతు తొట్టి తడిస్తే 45 కిలోల పైన తూగుతుంది. మట్టిలో సగానికి సగం కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు కలుపు. దూలాల మీదా గోడల వారా పెట్టు, మధ్యలో వద్దు. పెయింటు డబ్బాలకి అడుగున చిల్లులు పెడితే తొట్లే. బియ్యం కడిగిన నీళ్లు పారబొయ్యకు. పిండినల్లి కనబడితే లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టు. రోహిణి కార్తెలో మొక్కలు మాడిపోతుంటే ట్యాంకరు నీళ్లు కొని పొయ్యకు. నీళ్లు కొని పెంచే తోట పొదుపు కాదు. ఆ రోజుల్లో తొట్లు ఖాళీగా ఉండనీ, మట్టీ ఎండుతుంది, తెగుళ్లూ చస్తాయి.

పొదుపు పేరుతో చుట్టాన్ని గుమ్మంలోనే మాట్లాడి పంపెయ్యకు. నా బీరపందిరి విరగకాసిన శ్రావణంలో వీధికి పంచాను. కార్తీకంలో అదే వీధి నుంచి మా ఇంటికి చిక్కుళ్లు వచ్చాయి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఏ నోటుబుక్కులోనూ ఎక్కదు గానీ, కరువు నెలలో కాపాడేవాటిలో అదొకటి.

నోటుబుక్కు మొదటి పేజీలో గీతలు గీసి పంపాను. నిలువునా అయిదు గళ్లు: వచ్చింది, శిస్తు, విత్తనం, మేర, గాదె. మీ ఖర్చులన్నీ గాదె గడిలోంచే. డబ్బు పడిన రోజే రాయి, నెలాఖరు దాకా ఆగకు. ఏడాది చివర ఉగాదికి నేను వచ్చి చూస్తాను.

దొండ కొమ్మలు పెన్సిలంత లావున, నాలుగేసి కణుపులతో కోశాను. రెండు కణుపులు మట్టిలోకి, రెండు పైకి. తలకిందులు చెయ్యకు, పైకి ఉండాల్సిన కొసకి దారం కట్టాను. పిట్టగోడకి తాడు కట్టి పాకించు. ఒకసారి నిలదొక్కుకుంటే కొన్నేళ్లు కాస్తూనే ఉంటుంది. తడిగుడ్డ రెండు రోజులకి మించి ఆగదు. ఈ ఉత్తరం మళ్లీ చదువుకోవచ్చు, ముందు లేచి కొమ్మలు నాటు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ