బిడ్డ చెప్పు కథకు ఊకొట్టువారెవరు?

గ్రామ పంచాయతీ సమావేశములలో బాటలు, మురుగు కాల్వలు, వీధి దీపములు, ఇంటిపన్ను చర్చకు వచ్చుచుండును. మూడు మొదలు ఆరేండ్ల వరకుగల పసిబిడ్డలు విన్న కథను జ్ఞాపకముంచుకొని తిరిగి చెప్పగలుగుచున్నారా యను ప్రశ్న మాత్రము ఏ సమావేశమునందును వచ్చియుండదు. అది తల్లి చూచుకొనవలసిన పని, కాకున్న పంతులు చూచుకొనవలసిన పని యని పెద్దలు తలచుట సహజమే. కాని హైదరాబాదునకు పడమట మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట ప్రాంతములలో సంసారములు సాగుచున్న తీరును గమనించినచో, ఈ ప్రశ్న పంచాయతీ ముందునకు రావలసినదేయని మాకు తోచినది.

మాదాపూరున సైబర్ టవర్సు 1998లో ప్రారంభమైనది. హైటెక్ సిటీ అక్కడినుండి విస్తరించుచు పోయినది. మణికొండ, నార్సింగి, కోకాపేటలు 2018 వరకు మన గ్రామములవలెనే గ్రామ పంచాయతీలు. ఆ సంవత్సరముననే అవి పురపాలక సంఘములలోనికి చేరినవి. నేడు అచ్చట నలువది, ఏబది అంతస్తుల మేడలు లేచుచున్నవి. వానిని కట్టుటకు ఒడిషా, బీహారు, బెంగాలు రాష్ట్రములనుండి కూలీలు వచ్చుచున్నారు. మన పాలమూరు పల్లెలనుండి గుంపు మేస్త్రీల వెంట పోవువారును కలరు. కొందరు బిడ్డను ఊరిలో అవ్వకు అప్పగించి పోవుదురు. కొందరు వెంట తీసికొనిపోయి రేకుల షెడ్డులో ఉంచుదురు. ఆ మేడలు పూర్తియైన పిమ్మట కాపురము వచ్చు ఉద్యోగుల ఇండ్లలోను తల్లిదండ్రు లిరువురును కచేరీలకు పోవుదురు. బిడ్డ ఆయా వద్దనో, ఊరినుండి పిలిపించుకొన్న నాయనమ్మ వద్దనో పెరుగును. ఈ బిడ్డల కలిమిలేములలో ఎంత భేదమున్నను లోటు మాత్రము ఒక్కటే. సెల్‌ఫోను ఎడతెగక కథలు చూపుచునే యుండును గాని, బిడ్డ చెప్పు కథను వినుట దానికి చేతకాదు.

కథను వినుట వేరు, తిరిగి చెప్పుట వేరు. వినునపుడు చెప్పువాని వెంట నడచిన చాలును. చెప్పునపుడు మొదట ఏమి జరిగెను, ఎవరు చేసిరి, ఎందులకు చేసిరి యని బిడ్డ తనకు తానే వెదకికొనవలెను. మూడేండ్ల బిడ్డ పెద్దల సాయముతో రెండు మూడు సంగతులు చెప్పును. ఐదేండ్లు వచ్చుసరికి మొదలు, నడుమ, కొస కలిపి చెప్పగల శక్తి సాధారణముగా అలవడుచుండును. కాని సాధన లేనిదే అది నిలువదు. ఆరేడేండ్ల పిల్లలు సైతము కథ తిరిగి చెప్పునపుడు వరుసను, కారణములను జారవిడచుచుందురని స్విట్జర్లాండు దేశపు పండితుడు పియాజె 1923లోనే వ్రాసెను. అమెరికాలో వైట్‌హర్స్ట్ అను ఆచార్యుడు 1988లో తన సహచరులతో కలిసి ఒక పరిశోధన ప్రకటించెను. అందు తల్లిదండ్రులందరును చిన్నబిడ్డలకు బొమ్మల పుస్తకములు చదివి వినిపించినవారే. అయితే వారిలో కొందరికి నడుమ నడుమ ఆగి బిడ్డచేత చెప్పించునట్టి ప్రశ్నలు వేయుట నేర్పిరి. ఒక్క నెలలోనే ఆ బిడ్డలు మాటలాడుటలో తక్కిన వారికంటె ముందుండిరి.

మన పెద్దలకు ఇది క్రొత్త సంగతి కాదు. కథ చెప్పు అవ్వ, బిడ్డను ఊకొట్టుమనును. ఊ వినరానిచో కథ ఆపును. బుర్రకథలో కథకుని ప్రక్కన వంతలు నిలిచి, తరువాత ఏమైనదని అడుగుచు, సందేహము వచ్చినట్లు నటించుచు కథను ముందునకు లాగుదురు. బిడ్డచేత కథ చెప్పించుట యనగా ఈ పాత్రలను తారుమారు చేయుటయే. బిడ్డ కథకుడు కావలెను, పెద్దవాడు వంత కావలెను. మన మగవారికి ఈ వంతపని కొంచెము కష్టముగా నుండవచ్చును.

ఇందులకు ఏడు చేపల కథను మించిన సాధనము మాకు కనబడలేదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు పోయి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టగా ఒక చేప ఎండలేదు. గడ్డివాము అడ్డము వచ్చినది. ఆవు మేయకపోవుటచే వాము అట్లే మిగిలినది. ఆవును మేపువాడు మేపలేదు; వానికి అవ్వ అన్నము పెట్టలేదు; అవ్వకు ఏడ్చు పిల్లవానిని ఊరడించుటతోనే సరిపోయినది; పిల్లవానిని చీమ కుట్టినది. ఊరూరికి కొంత మార్పు ఉండును, దానివలన నష్టములేదు. ఇందు ప్రతి మెట్టును ఒక ప్రశ్న, ఒక కారణము. ఒక మెట్టు మరచినచో తరువాతి మెట్టు అందదు. బిడ్డ ఆవు వద్దనుండి ఒక్కసారిగా చీమ వద్దకు దుమికినచో, తప్పిన మాటను మనము అందింపరాదు. ఒక మెట్టు వెనుకకు పోయి, "ఆవు ఎందుకు మేయలేదట?" అని అడిగి ఊరకుండవలెను. ఆ ఊరకుండుటయే అసలు పని. ఒక గులకరాయి చేపగను, ఒక గడ్డిపోచ వాముగను, ఒక ఆకు ఆవుగను వరుసగా పేర్చి చూపినచో మూడేండ్ల బిడ్డకును దారి దొరకును.

నానక్‌రాంగూడ వైపు ఒక కూలీల షెడ్డువద్ద ఐదేండ్ల బాలిక మాకు ఈ కథ చెప్పినది. చేపకు అడ్డము వచ్చినది గడ్డివాము కాదు, ఇసుక కుప్ప! ఇసుకను జేసీబీ ఎత్తలేదట. జేసీబీ నడుపువానికి అన్నము పెట్టువారు లేరట. అన్నము వండు అమ్మ పిల్లవానిని ఎత్తుకొని యున్నదట. చీమ మాత్రము చీమగానే మిగిలినది. ప్రక్కనున్నవారు తప్పు తప్పని నవ్విరి. మాకది తప్పుగా తోచలేదు. ఆమె గడ్డివాము నెరుగదు. ఐనను కథయొక్క వరుసను, కారణమును చెదరనీయలేదు. ఇట్టి బిడ్డను నడుమ ఆపి దిద్దినచో మరునాడు నోరు తెరవదు. లంబాడీ బిడ్డ తన తండా మాటలోను, ఒడియా బిడ్డ ఒడియాలోను మొదట చెప్పుకొనిన మంచిది. ఒక భాషలో కుదిరిన వరుస మరియొక భాషలోనికి సులభముగా వచ్చును.

సెల్‌ఫోను సంగతి. రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలు దినమునకు ఒక గంటకు మించి తెరముందు కూర్చుండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది; ఏడాదిలోపు శిశువులకు అసలే కూడదన్నది. పొలము, వంట, పసిబిడ్డ మూడును ఒంటరిగా చూచుకొను అవ్వకు ఈ మాట చెప్పుట తేలిక, అవ్వ ఆచరించుట తేలిక కాదు. ఆమెను నిందించి ప్రయోజనము లేదు. ఆ ఫోనునే మరియొక పనికి వాడవచ్చును. రాత్రి కోకాపేటనుండి తల్లి వీడియో కాల్ చేసినపుడు, తిన్నావా, పడుకున్నావా అని అడిగి పెట్టివేయక, నేటి కథ చెప్పుమని అడిగి అయిదు నిమిషములు ఊకొట్టవలెను.

పంచాయతీ చేయదగిన పనులకు పెద్ద ఖర్చు లేదు. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద నడచు అంగన్‌వాడీలలో మూడు నుండి ఆరేండ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఉన్నది. అచ్చటికి వారమున కొకనాడు ఊరి ముసలివారిని ఇద్దరు ముగ్గురిని పంపవలెను, కథ చెప్పుటకు కాదు, వినుటకు. టీచరు ఒక్కతె ఇరువదిమంది చెప్పునది వినజాలదు. వార్డు సభ్యులును పోయి చాపమీద కూర్చుండవచ్చును. కథల పోటీలు, బహుమతులు మాత్రము వలదని మా అభిప్రాయము. పోటీ పెట్టినచో చురుకైన ఇద్దరు మాటలాడుదురు, తక్కినవారు చేతులు తట్టి ఇంటికి పోవుదురు.

వలసపోవు కుటుంబముల బిడ్డల పేర్లు పంచాయతీ వద్ద నుండవలెను. ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు నిర్మాణ స్థలములో ఆరేండ్లలోపు పిల్లలకు గది ఏర్పరుపవలెనని 1996 నాటి చట్టము నిర్దేశించినది. మీరు పోవు చోట అట్టి గది ఉన్నదా, అందు పిల్లలను చూచుకొను మనిషి ఉన్నదా యని గుంపు మేస్త్రీని ఊరు విడువకముందే అడుగవలెను. ఇక దసరాకు, సంక్రాంతికి ఆ కుటుంబములు తిరిగివచ్చును. ఆ నాలుగు దినములును ఆ బిడ్డలను అంగన్‌వాడీకి పిలిపించి, అక్కడ విన్న కథ ఏదియో, చూచిన వింత ఏదియో ఊరి పిల్లలకు చెప్పుమని అడుగవలెను; వారు ఇసుక కుప్ప యనినను, జేసీబీ యనినను ఊకొట్టవలెను.