గట్టి ఉక్కు, మెత్తని అతుకు

నల్లకుంట పక్కనే వీఎస్టీ నుంచి ఇందిరా పార్కు దాకా స్టీల్ బ్రిడ్జి ఉంది కదా, 2023 ఆగస్టులో ఓపెన్ చేసిన నాయిని నర్సింహారెడ్డి బ్రిడ్జి. ఇలాంటివాటికి ఇంకా గట్టి ఉక్కు వాడితే ఇంకా ఎక్కువ కాలం ఉంటాయనుకునేవాణ్ని. నేను సీఎస్ఈ కదా, పొరపాటే!

ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే చివరికి తెగుతుంది. అదే ఫెటీగ్. బ్రిడ్జి మీద ప్రతి బస్సుకీ అతుకులో స్ట్రెస్ పెరిగి తగ్గుతుంది, లక్షల సార్లు.

ఈ250 ఉక్కు కంటే ఈ350 గట్టిదే. కానీ వెల్డింగ్ అంచులో కంటికి కనిపించని లోపాలు రెండింట్లోనూ మిగులుతాయి. పగులు అక్కడే మొదలవుతుంది, పెరిగే వేగమూ దాదాపు ఒకటే. అందుకే మామూలు వెల్డింగ్‌కి డిజైన్ కోడ్‌లు ఉక్కు గ్రేడ్ చూడకుండా ఒకే ఫెటీగ్ బలం ఇస్తాయి.

అసలు ప్రమాదం ఇక్కడుంది. గట్టి ఉక్కే కదా అని ప్లేటు పల్చన చేస్తే స్ట్రెస్ పెరుగుతుంది. స్ట్రెస్ మార్పు రెట్టింపైతే అతుకు ఆయుష్షు సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మన ఎన్ క్యూబ్ లెక్కే!

మరి మందేంటి? వెల్డింగ్ అంచును గ్రైండింగ్‌తో నున్నగా చేయడం, లేదా సుత్తిదెబ్బలతో నొక్కి పగులు తెరుచుకోకుండా చేయడం. అప్పుడే గట్టి ఉక్కుకి పెట్టిన డబ్బుకు ఫలితం.

ఈసారి బ్రిడ్జి కింద సిగ్నల్‌కి ఆగితే ప్లేట్లు కాదు, అతుకులు చూడండి.