పాత మోటారు బండ్ల పందెముల పండుగ: గుడ్‌వుడ్‌లో ఒక దినము

ఇంగ్లండు దేశపు దక్షిణభాగమున, సముద్రతీరమునకు అనతిదూరములో, వెస్టు ససెక్సు అను మండలము కలదు. అందలి చిచెస్టరు పట్టణమునకు సమీపమున రిచ్మండు డ్యూకుల వంశమువారి గుడ్‌వుడ్ ఎస్టేటున్నది. అచ్చట ఏటేట సెప్టెంబరు మాసమున మూడు దినములపాటు పాత మోటారు బండ్ల పందెములు జరుగుచుండును. ఈ పండుగకు గుడ్‌వుడ్ రివైవల్ అని పేరు. రివైవల్ అనగా మన సంఘములలో ఉజ్జీవము అని చెప్పుకొను మాటయే. చల్లారినదానిని మరల రగుల్కొల్పుట దాని భావము.

పాత వస్తువును కాపాడుటకు రెండు మార్గములు గలవు. ప్రదర్శనశాలలో అద్దముల వెనుక భద్రపరచుట మొదటిది. ఏ పనికై ఆ వస్తువు పుట్టినదో ఆ పనిని దానిచేత చేయించుట రెండవది. మొదటి మార్గమున వస్తువు చెడదు గాని, దానిని నడుపు విద్యయు బాగుచేయు విద్యయు క్రమముగా నశించును. రెండవ మార్గమున వస్తువు అరుగును గాని విద్య నిలుచును. వీనిలో ఏది మేలు? విద్యార్థులారా, ఈ ప్రశ్నను చేతబట్టుకొని మనము ఊహామాత్రముననే ఒక దినము గుడ్‌వుడ్‌లో గడిపి వత్తము.

ముందుగా ఆ స్థలము చరిత్ర తెలిసికొనవలెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున డ్యూకుగారి భూములలో వెస్టుహ్యాంప్‌నెట్ అను యుద్ధవిమానస్థలము ఏర్పడెను. 1940లో జర్మను విమానములు ఇంగ్లండుపై దాడి సలిపినపుడు వానిని ఎదిరించుటకు ఇచ్చటినుండియు విమానములు ఎగిరినవి. డగ్లస్ బేడరు అను వైమానికుడు 1931లో జరిగిన ప్రమాదమున రెండు కాళ్లను కోల్పోయియు, కృత్రిమపాదములతో మరల విమానము నడప నేర్చెను. 1941 ఆగస్టు 9వ తేదీన ఆయన తన చివరి యుద్ధయాత్రకు బయలుదేరినది ఈ స్థలమునుండియే. ఆ దినముననే ఆయన ఫ్రాన్సు దేశమున శత్రువులకు చిక్కి ఖైదీ యయ్యెను.

విమానస్థలము చుట్టును తిరిగివచ్చు బాట యొకటి వేయబడి యుండెను. యుద్ధము ముగిసిన పిమ్మట టోనీ గేజ్ అను ఆస్ట్రేలియా వైమానికుడు ఆ బాటపై మోటారు పందెములు జరుపవచ్చునని తొమ్మిదవ డ్యూకుగారికి సూచించెను. డ్యూకుగారును యౌవనమున పేరుమోసిన పందెగాడే. ఆయన స్వయముగా బ్రిస్టల్ 400 అను కారును నడిపి, 1948 సెప్టెంబరు 18వ తేదీన పందెపుబాటను ప్రారంభించెను. దాని చుట్టుకొలత సుమారు 2.4 మైళ్లు. ఆనాటి విజేతలలో స్టర్లింగ్ మాస్ అను యువకుడొకడు. అంతకు ముందటి దినముననే అతనికి 19 ఏండ్లు నిండినవి. తరువాతికాలమున అతడు లోకప్రసిద్ధుడైన చోదకుడయ్యెను.

యుద్ధమునకై చదును చేసిన నేల వినోదమునకు ఉపయోగపడుట ఇంగ్లండునందు మాత్రమే జరిగినది కాదు. మద్రాసు నగరమునకు ఉత్తరమున, నెల్లూరికి వచ్చు రాజమార్గముపైనున్న షోలవరమునందును రెండవ యుద్ధకాలపు విమానస్థలము కలదు. 1953లో స్థాపింపబడిన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బువారు దానిపై అనేక సంవత్సరములు పందెములు జరిపిరి. యుద్ధాయుధములు సేద్యపు పనిముట్లగు కాలమును గూర్చి యెషయా ప్రవక్త చెప్పియున్నాడు. పందెపుబాట నాగలి కాదు, నిజమే. అయినను, మరణయాత్రకు బయలుదేరిన చోటికి జనులు బిడ్డలతో పండుగకు వచ్చుట చిన్న మార్పు కాదు.

ఇక పండుగ దినమునకు వత్తము. ఉదయముననే జనులు గుంపులుగా వచ్చుచుందురు. వారి వేషములు చూచినచో కాలము వెనుకకు మరలినదా యనిపించును. పురుషులు ఉన్ని కోట్లును టోపీలును, స్త్రీలు 1940 మొదలు 1966 వరకు గల కాలపు గౌనులును ధరించి వత్తురు. గుడ్‌వుడ్ బాటపై మొదట పందెములు జరిగిన కాలము 1948 మొదలు 1966 వరకు గదా! ఆ కాలపు రూపమే అంతటను కనబడవలెనని నిర్వాహకులు కోరుదురు. బాట లోపలి ఆవరణమున ఆధునిక వాహనములు కానరాకుండ జాగ్రత్తపడుదురు.

వేషములను చూచి నవ్వుకొని ఊరకొనక, బండ్లను సిద్ధపరచు చోటికి పోవలెను. అసలైన పాఠశాల అదియే. ఒకచోట పనివాడు కార్బ్యురేటరును సరిచేయుచు, చెవియొగ్గి ఇంజను ధ్వనిని వినుచుండును. పెట్రోలు ఎక్కువైనదో గాలి ఎక్కువైనదో ఆ ధ్వనినిబట్టియే గ్రహించును. వేఱొకచోట చక్రపు తీగలను ఒక్కొక్కదానిని మీటి చూచి, వదులైనవానిని బిగించుచుందురు. సొట్టపడిన అల్యూమినియపు రేకును సుత్తితో కొట్టి, చేతితో తడవి, మరల కొట్టి, పూర్వపు వంపునకు తెత్తురు. ఈ పనులలో పెక్కింటికి నేడు సామాన్యపు అంగడిలో విడిభాగము సులభముగా దొరకదు. విఱిగినదానిని తఱచుగా తిరిగి చేయవలసివచ్చును. కారు నడువకున్నచో విఱుగదు. విఱుగకున్నచో చేయువాడుండడు. చేయువాడు లేకున్నచో నేర్చుకొను బాలుడును ఉండడు.

పందెము ప్రారంభమైన పిమ్మట మన ప్రకృతిశాస్త్ర పుస్తకము కన్నులయెదుట తెఱువబడును. వంపు తిరుగు బండిని లోపలివైపునకు లాగి పట్టుకొను బలము టైరులకును నేలకును గల రాపిడివలననే కలుగును. వేగము రెండింతలైనచో అదే వంపునకు కావలసిన బలము నాలుగింతలగును. ఆ కాలపు టైరులు సన్ననివి, పట్టు తక్కువ. అందువలన వేగముగా వంపు తిరుగునపుడు బండి నాలుగు చక్రములమీదను కొంచెము పక్కకు జాఱుచునే పోవును. చోదకుడు ఆ జాఱుటను స్టీరింగు చక్రముతోడను ఇంధనపు మెట్టుతోడను అదుపులో నుంచును. నేటి బండ్లలో యంత్రములే చేయు పనిని ఇచ్చట మనుష్యుని చేతులును పాదములును చేయుచున్నవి.

బ్రేకుల సంగతియు అట్టిదే. వేగమును ఆపుట యనగా చలనశక్తిని వేడిగా మార్చుటయే. పూర్వపు డ్రము బ్రేకులలో ఆ వేడి మూతలోపలనే చిక్కుకొని, మరల మరల వేయగా పట్టు సన్నగిల్లుచుండెను. డిస్కు బ్రేకులో పళ్లెము గాలికి తెఱువబడి యుండుటచేత వేడి త్వరగా పోవును. 1953లో ఫ్రాన్సులోని ల మాన్ పట్టణమున జరిగిన 24 గంటల పందెమును జాగ్వారు కారు డిస్కు బ్రేకులతో గెలిచినది. మన వీధులలో పోవు కార్లలోను మోటారు సైకిళ్లలోను నేడు కనబడు పళ్లెపు బ్రేకులకు ఇట్టి పందెములలోనే గట్టిపరీక్ష జరిగినది. ఇంజను స్థానముకూడ గమనింపదగినది. పూర్వము పందెపు కార్లలో ఇంజను చోదకుని ముందుండెడిది. కూపరు కంపెనీవారు దానిని చోదకుని వెనుకకు చేర్చి బండిని చిన్నదిగాను తేలికగాను చేసిరి. జాక్ బ్రాభం 1959లో అట్టి కారుతో ప్రపంచవిజేత యయ్యెను. గుడ్‌వుడ్‌లో రెండు విధములైన బండ్లను ఒక్క దినముననే చూడవచ్చును. చిత్రపటము చూచి నేర్చినదానికంటె ఇది మనస్సున గాఢముగా నాటుకొనును.

ఈ బాటపై 1959 సెప్టెంబరు 5వ తేదీన జరిగిన ఒక సంగతి చెప్పెదను. ఆనాటి టూరిస్టు ట్రోఫీ పందెముపై ఆ సంవత్సరపు ప్రపంచ స్పోర్ట్సు కార్ల విజేతపదవి ఆధారపడియుండెను. ఆస్టన్ మార్టిన్ కంపెనీవారి కారు ముందుండగా, పెట్రోలు పోయుచోట అగ్ని చెలరేగి కారును ఆ స్థలమును కాల్చివేసెను. మిగిలిన కార్లకు ఇంధనము పోసికొనుటకు కంపెనీవారికి చోటు లేకపోయెను. అప్పుడు అదే రకపు కారుతో స్వతంత్రముగా పోటీచేయుచున్న గ్రహం వైట్‌హెడ్ తన కారును పందెమునుండి తప్పించి, తన చోటును వారికిచ్చెను. స్టర్లింగ్ మాస్ తోటివారి కారెక్కి పందెమును గెలిచెను. విజేతపదవి కంపెనీవారికి లభించెను. గెలిచినవాని పేరు అందరెఱుగుదురు. చోటిచ్చినవానిని తలచుకొనువారు కొద్దిమందియే. మీరు ఇద్దరి పేర్లను జ్ఞాపకముంచుకొనుడు.

ఇంతవరకు మంచియే చెప్పితిమి. ఈ బాట మనుష్యులను బాధించినదికూడ. 1962 ఏప్రిలు 23వ తేదీన, ఈస్టరు పండుగ మఱునాడు, సెయింట్ మేరీస్ అను వంపు సమీపమున మాస్ కారు గట్టును ఢీకొనెను. ఆయన సుమారు నెల దినములు స్పృహ లేకుండెను. ప్రాణము దక్కెను గాని అగ్రశ్రేణి పందెములు ఆయనకు అంతటితో ముగిసినవి. బండ్ల వేగము ఏటేట పెరుగుచుండుటను చూచి, 1966లో డ్యూకుగారు పందెములను నిలిపివేసిరి. తాను ప్రారంభించిన దానిని తానే ఆపుటకు ధైర్యము కావలెను. పందెములు లేకపోయినను, కార్లను పరీక్షించుటకు బాట ఉపయోగపడుచుండెను. 1970 జూన్ 2వ తేదీన బ్రూస్ మక్లారెన్ అను ప్రసిద్ధ చోదకుడు అట్టి పరీక్షలోనే ఇచ్చట మరణించెను.

1998 సెప్టెంబరు 18వ తేదీన, సరిగా 50 ఏండ్ల తరువాత, డ్యూకుగారి మనుమడు బాటను బాగుచేయించి మరల తెఱిపించెను. ఈ పందెములలో పాల్గొనునవి ఆనాటి రకపు కార్లే గాని, నానాటికి వేగము పెంచుకొను క్రొత్త కార్లు కావు. వేగమునకు ఒక హద్దు ఏర్పడుటచేతనే పునరుజ్జీవనము సాధ్యమయ్యెను. అపాయము పూర్తిగా పోలేదు. కావుననే వైద్యులును అగ్నిమాపకులును బాటప్రక్కన సిద్ధముగా నుందురు.

పండుగలో మిక్కిలి ముద్దు గొలుపునది చిన్నపిల్లల పందెము. సెట్రింగ్‌టన్ కప్ అను ఈ పోటీలో బాలబాలికలు పరుగెత్తి వచ్చి, తమ చిన్న కార్లలో కూర్చుండి, కాళ్లతో త్రొక్కుచు పోవుదురు. అవి ఆస్టిన్ జె-40 అను బొమ్మకార్లు. వీని పుట్టుక వినదగినది. వేల్సు దేశపు బొగ్గుగనులలో ఏండ్లతరబడి పనిచేసి, ధూళి ఊపిరితిత్తులలో చేరి రోగులైనవారికి జీవనాధారము లేకపోయెను. వారికి పని కల్పించుటకై 1949లో బార్‌గోయెడ్ అను ఊర కర్మాగారము తెఱువబడెను. పెద్ద కార్ల తయారీలో మిగిలిన ఉక్కు రేకుతో అచ్చటివారు 1971 వరకు 32 వేలకు పైగా బొమ్మకార్లు చేసిరి. ఊపిరి సరిగా ఆడనివారు చేసిన బండ్లను ఊపిరి సలుపకుండ నవ్వుచు పిల్లలు త్రొక్కుచున్నారు. ఆ కార్లు అద్దాల బీరువాలలోనే యున్నచో వానిని చేసిన చేతులను గూర్చి మనకెవరు చెప్పెడివారు?

ఇది ధనవంతుల విలాసము గాదా యని కొందఱడుగుదురు. అది కొంతవఱకు సత్యమే. లక్షలు కోట్లు విలువగల కార్లు బీదవాని యింట నుండవు. పెట్రోలు పొగ గాలిని చెఱుపునని చెప్పుటయు న్యాయమే. ఆ ఆక్షేపణమును నిర్వాహకులు పెడచెవిని బెట్టలేదు. 2024లో జరిగిన పండుగలో పందెపు కార్లన్నియు కనీసము నూటికి 70 వంతులు పునరుత్పాద్య మూలములనుండి చేసిన ఇంధనముతో నడిచినవి. ముసలి యంత్రము క్రొత్త ఆహారమునకు అలవాటుపడగలదని దీనివలన తెలిసినది. అయితే ఆ అలవాటు చేయించినది మరల పనివాని చేయియే.

సాయంకాలమగుచున్నది. మనము బయలుదేరునపుడు వెంటతెచ్చిన ప్రశ్నకు ఉత్తరము దొరికినది. ప్రదర్శనశాల నిరుపయోగమని నా భావము కాదు. రూపమును అది కాపాడును. పనితనము మాత్రము పనిచేయుచున్నపుడే బ్రతుకును. ఒక పనివాడు తన విద్యను మఱొకనికి అప్పగింపకుండ కన్నుమూసినచో, ఆతని చేతిలోని నేర్పు ఏ పుస్తకమునందును దొరకదు.

ఇందుకై ఇంగ్లండు పోనక్కరలేదు. మీ యూరిలోనే మగ్గమును సరిచేయువాడును, గోడగడియారమును విప్పి కూర్చువాడును, కుట్టుయంత్రమును బాగుచేయువాడును ఉండవచ్చును. రాబోవు సెలవులలో అట్టివాని యొద్దకు వినయముతో పోయి, ఒక పూట కూర్చుండి ఆయన పని చూడుడు. ఆయన అనుమతించినచో ఒక మరనైన మీ చేతితో బిగించుడు. చూచినదానిని బొమ్మతోకూడ వ్రాసి, పాఠశాల తెఱచిన దినమున తరగతికి తెండు.